రెండో అంతస్తు పిల్లి

ఒసాకా, నిప్పొంబాషి
ఫిబ్రవరి 9, 1997

చిజురు పిన్నీ,

ఉత్తరం మొదట్లో చలి గురించీ పూల గురించీ రాయాలని బళ్లో నేర్పారు. ఇవాళ రాయను. ఒళ్లు మండుతున్నప్పుడు పూలెలా ఉన్నాయని అడగడం అబద్ధమాడటమే.

మా కొట్టు నీకు తెలుసుగా, పాత వీడియో ఆటల కాసెట్లు అమ్మేది. పోయిన నెల దాని గోడకి నేనొక పెద్ద కాగితం అంటించాను. "మీరు మరిచిపోలేని ఆట పాట ఏది? ఎందుకు?" అని పైన రాసి, పక్కన పెన్సిలు వేలాడదీశాను. యజమాని దోయి గారు చూసి, "ఎవరు రాస్తారే? ఇక్కడికొచ్చే వాళ్లకి పక్కవాడి మొహం చూడాలంటేనే సిగ్గు," అన్నాడు. ఇప్పటికి మూడు కాగితాలు నిండిపోయాయి. ఒక నర్సు, ఆడినంతవరకూ ఆటని భద్రం చేసుకునే గదిలో వచ్చే పాట రాసింది. ఆట మొత్తంలో తననెవరూ తరమని చోటు అదొక్కటేనట. ఒక లారీ డ్రైవరు గుహ పాట రాశాడు. ఆ గుహ దాటలేక రెండేళ్లు అందులోనే ఉండిపోయాడట. ఇప్పుడు లారీ సొరంగంలో దూరినప్పుడల్లా అదే కూనిరాగం. గెలిచినప్పుడు వచ్చే పాట ఒక్కరూ రాయలేదు పిన్నీ. అందరూ ఓడిపోతూ విన్నవే రాశారు.

నలభై ఒక్కమందిలో పదిహేడుగురిది ఒకటే పాట. 'దీపాల దీవి'లో రేవు పాట.

నాదీ అదే. పదేళ్లప్పుడు ఆ ఆటలోని దీపాల పిల్లని పడవ మీంచి పడవ మీదికి గెంతిస్తూ ఎన్ని వందలసార్లు నీళ్లలో పడేశానో. పడ్డ ప్రతిసారీ ఆ పాట మళ్లీ మొదలయ్యేది. తిట్టినట్టు ఉండేది కాదు. "రా, ఇంకోసారి చూద్దాం" అన్నట్టు ఉండేది. నాన్న ఇల్లు వదిలి వెళ్లిపోయిన ఏడాది నాతో అలా మాట్లాడింది అదొక్కటే.

మొన్న ఆదివారం ఇంటికి వెళ్లి అదే పాడుకుంటూ గిన్నెలు తోముతున్నాను. అమ్మ ముల్లంగి తరుగుతూ, "అబ్బ, ఇంకా ఆ పాటేనా? అది మీ పిన్ని చేసిందేగా," అంది. అనేసి కత్తి ఆపేసింది. ఎంత అడిగినా మళ్లీ నోరు విప్పలేదు.

పదేళ్లు, పిన్నీ. నేను ఆడుతుంటే నా వెనక కూర్చుని నారింజలు వలిచి పెట్టావు. కంపెనీలో ఏం పని చేసేదానివని అడిగితే, "కాగితాలు సర్దేదాన్ని" అన్నావు.

ఇంకో సంగతి విను. 'దీపాల దీవి'కి పదేళ్లు నిండిన పండగకి, నువ్వు పనిచేసిన ఉమినెకో కంపెనీ ఆ ఆట పాటలన్నీ అక్టోబరులో సీడీగా తెస్తోంది. ప్రకటనలో 'సంగీతం: ఉమినెకో సంగీత బృందం' అని ఉంది. ఆట చివర్లో వచ్చే పేర్లలో సంగీతం దగ్గర కనీసం 'రెండో అంతస్తు పిల్లి' అని ఉండేది. ఇప్పుడు ఆ పిల్లిని కూడా తరిమేశారు. మా చిన్న ఉద్యోగుల సంఘం కరపత్రంలో ఒక వాక్యం ఉంది: "తను చేసిన పని మీద తన పేరు లేని మనిషి, అద్దెకు తెచ్చిన యంత్రం." నువ్వు యంత్రానివి కావు. ఆటల పత్రికకి రాస్తాను. సరే అను, చాలు.

నత్సునో


ఒనొమిచి
ఫిబ్రవరి 20

నా చిట్టితల్లి నత్సునోకి,

రేవు పక్క ప్లమ్ చెట్టు మూడు పూలు పూసి, గాలి చూసి భయపడి ఆగిపోయింది. నువ్వు పూల గురించి రాయనంటే ఇద్దరి తరఫునా నేనే రాయాలి కదా.

మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదు. పోనీలే. కాగితాలు సర్దిన మాట అబద్ధం కాదు. సంగీతం కూడా కాగితాల మీదే రాసేవాళ్లం, తర్వాత అంకెలుగా మార్చి యంత్రానికి తినిపించేవాళ్లం.

నీ గోడ కాగితం గురించి చదివి, ఇక్కడ పడవ టికెట్ల కిటికీ వెనక ఒక్కదాన్నే నవ్వుకున్నాను. టికెట్టు కోసం నిలబడ్డ పెద్దాయన, "ఏమ్మా, నా మొహం మీద ఏమైనా అంటుకుందా?" అని తుడుచుకున్నాడు. ఆ లారీ డ్రైవరుకి నా తరఫున క్షమాపణ చెప్పు. గుహ పాట అంత పొట్టిగా ఉండాల్సింది కాదు. కాసెట్టులో చోటు లేదు.

పాటలు ఎందుకు గుర్తుండిపోతాయని నువ్వు అడగలేదు, అయినా చెబుతా. పిల్లలు ఒక్కో చోట పదిహేను సెకన్లలో చచ్చిపోతారు. మళ్లీ మొదలు. అంటే పాట మొదటి పదిహేను సెకన్లు వెయ్యిసార్లు వింటారు, చివర పదిసార్లు వింటారో లేదో. అందుకని మేం మొదట్లో తీపి తక్కువ వేసేవాళ్లం. వెయ్యిసార్లు తింటే ఏ తీపైనా వెగటే. ఇక చివర ఉంది చూశావూ, అదే కష్టం. అయిపోయినట్టు ఉండకూడదు, మళ్లీ మొదటికి కలవాలి. వెళ్లొస్తానని లేచి, గడప దగ్గర చెప్పులు వేసుకుంటూ, ఇంకో మాట గుర్తొచ్చి ఆగిన మనిషిలా ఉండాలి. ఒక్కో పాటకి తాళంలో ఆ చివరి రెండు అడుగుల కోసం మేం వారం కొట్టుకునేవాళ్లం.

తమాషా పేర్లంటావా, ఆ రోజుల్లో చాలా కంపెనీల్లో అదే పద్ధతి. అసలు పేర్లు వేస్తే పక్క కంపెనీ వాళ్లు మనుషుల్ని ఎగరేసుకుపోతారని పైవాళ్ల భయం. బొమ్మలు వేసేవాడు 'చల్లారిన టీ'. మా గది రెండో అంతస్తులో. కిటికీలోంచి ఒక బూడిదరంగు పిల్లి వచ్చి యంత్రం మీద వెచ్చగా పడుకునేది. అంతే కథ.

పత్రికకి మాత్రం రాయకు. కారణం ఉంది. అడక్కు. నీకు నా మీద ప్రేమ ఉంటే ఈ ఒక్క మాట విను.

చలికి మెడకి గుడ్డ కట్టుకో.

పిన్ని


ఒసాకా
మార్చి 4

పిన్నీ,

రాసేశాను. నీ ఉత్తరం అందాకే రాశాను, ముందు కాదు. అబద్ధం చెప్పను.

మూడు రోజులు ఆలోచించాను. "కారణం ఉంది, అడక్కు" అంటే భయమే కదా. ఆ భయం నువ్వు పుట్టించుకున్నది కాదు. వాళ్లు నీకిచ్చిన జీతంతో పాటు చేతిలో పెట్టి పంపించింది. కంపెనీ వదిలి తొమ్మిదేళ్లైనా దాన్ని ఇంకా దాచుకున్నావు. దాన్ని పారేయడానికి నీకు ధైర్యం లేకపోతే నేను పారేస్తాను.

ఇదీ నేను రాసింది: "రేవు పాట విని పెరిగిన వాళ్లందరికీ. ఆ పాటని ఏ బృందమూ చేయలేదు. ఒనొమిచిలో పడవ టికెట్లు అమ్ముకుంటున్న మోరినాగా చిజురు అనే ఆవిడ ఒక్కతే చేసింది. కంపెనీ ఆమె పేరు దాచింది. సీడీ మీద ఆ పేరు ఉండాలని మనం అడగాలి." కింద నా పేరూ, కొట్టు చిరునామా. సంపాదకుడు ఫోను చేసి, "బాగా మండిపడ్డారే, ఏప్రిల్ సంచికలో మొదటి పేజీలో వేస్తాం" అన్నాడు.

దోయి గారు చదివి, "మీ పిన్ని ఒప్పుకుందా?" అన్నాడు. లేదన్నాను. "అయితే మెచ్చుకోలేను, తిట్టనూ లేను. టీ పెట్టు," అన్నాడు.

అచ్చులో నీ పేరు చూశాక నీకూ బాగుంటుంది. చూడు.

నత్సునో


ఒనొమిచి
ఏప్రిల్ 12

నత్సునోకి,

పత్రిక వచ్చింది. చదివాను.

ఆ పిల్లి ఒక్కతి కాదు. ఇద్దరం. రెండో ఆవిడ పేరు కుజె మిత్సుయో. నాకంటే నాలుగేళ్లు పెద్దది.

ఆ గదిలో సంగీతం యంత్రం ఒక్కటే ఉండేది. పొద్దున నాది, మధ్యాహ్నం నుంచి ఆవిడది. ఒకరు ఎక్కడ ఆపితే రెండోవాళ్లు అక్కడ అందుకోవాలి. ఒకరు పైపాట వేస్తే కింది గొంతులు తర్వాత వచ్చినవాళ్లు వేయాలి. ఇద్దరం కలిసి ఉండేది మధ్యాహ్నం అన్నం తినే అరగంట. మిగతాదంతా సొరుగులో చీటీలే. "మూడో అడుగు దగ్గర నీ పాట ముక్కు చీదుతోంది, చూసుకో" అని రాసేది. నేను "మీ బాసు గొంతుకి కీళ్లనొప్పులు" అని రాసేదాన్ని. రేవు పాట ఎనిమిది అడుగులు వేసి నేను ఇరుక్కుపోయాను. మర్నాడు వచ్చి చూస్తే ఆవిడ నా ఎనిమిదీ చెరిపేసి ఇప్పుడున్న పాట వేసి పెట్టింది. సొరుగులో చీటీ: "కోపం వస్తే రేపు కొట్టు." నేను కొట్టలేదు. విని ఏడ్చాను. నీతో పదేళ్లు మాట్లాడిన పాట అది. అది కుజె గారిది.

మావి ఏటేటా ఒప్పంద కాగితం మార్చుకునే ఉద్యోగాలు. ఆట బాగా అమ్ముడుపోయాక మా విభాగం పెద్ద నన్ను పిలిచాడు. "మీ ఇద్దర్లో ఒకర్ని శాశ్వతం చేయమన్నారు. ఆ రేవు పాట చేసిన పిల్లి ఎవరు, నువ్వేనా?" అన్నాడు. మధ్యాహ్నం కాలేదు. ఆవిడ ఇంకా రాలేదు.

నేను అవునన్నాను.

ఆ మార్చిలో కంపెనీ ఆవిడ కాగితం మార్చలేదు. రెండు నెలలు ఆ కుర్చీలో పొద్దున్నించి సాయంత్రం దాకా నేనొక్కదాన్నే కూర్చుని, ఒక్క పాట వేయలేక మానేశాను. ఆవిడకి ఒక్క ఉత్తరం రాయలేదు. ఏ మొహంతో రాయను?

ఆ రోజు నేనా గదిలో ఒక్క మనిషికి చెప్పిన అబద్ధాన్ని నువ్వు దేశమంతటికీ అచ్చు వేయించావు. రాయొద్దన్నది అందుకు. కారణం చెప్పకుండా వద్దన్నాను. ఆ తప్పు నాది.

రేవు పాట కుజె మిత్సుయోదని పత్రికకి రాసి సవరించు. అంతకంటే ఏమీ రాయకు.

చిజురు


ఒసాకా
ఏప్రిల్ 27

పిన్నీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియక, మొదటిసారి బళ్లో నేర్పినట్టు రాస్తున్నాను. చెర్రీ పూలన్నీ రాలిపోయాయి. కాలవ నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి. నువ్వు బాగున్నావా?

నీ ఉత్తరం చదివి మొదట నీ మీద కోపం వచ్చింది. దాచను. ఒక్క "అవును"తో పక్కమనిషి కుర్చీ లాగేశావు. మా కరపత్రాల్లో అలాంటి వాళ్లకి ఒక మాట ఉంది, అది నీకు రాయలేను. తర్వాత నా ఉత్తరం మళ్లీ చదువుకున్నాను. 'ఒక్కతే చేసింది.' ఆ 'ఒక్కతే' నాకెవరు చెప్పారు? నీ మొదటి ఉత్తరం తీసి చూస్తే "మేం" అని ఎన్నిచోట్ల రాశావో. అప్పుడు నాకు ఒక్కటీ కనబడలేదు. నేను నీ కోసం పోట్లాడుతున్నాననుకున్నాను. పోట్లాట కోసం నిన్ను వాడుకున్నాను.

సవరణ పంపాను, జూన్ సంచికలో వస్తుంది. సంపాదకుడు, "ఈసారి ఖాయమేనా?" అన్నాడు. మాట పడ్డాను.

ఇది కాక, పత్రిక వాళ్ల ద్వారా నాకొక కార్డు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"మీ ఉత్తరం చదివాను. ఇంత కోపంగా ప్రేమించే మనిషి ఒకరు దొరకడం చిజురు అదృష్టం. ఒక చిన్న సవరణ. ఆ పిల్లికి నాలుగు కాళ్లు కావు, ఎనిమిది. పెద్ద విషయం కాదు. తను పడవ టికెట్లు అమ్ముతోందని తెలియదు. ఎండ పడకుండా టోపీ పెట్టుకోమనండి, తనకి ఎండ పడదు. కుజె మిత్సుయో, కురాషికి."

చిరునామా ఉంది. చాపలు నేసే కొట్టు పైన.

నాకు ఇప్పటికిప్పుడు రైలెక్కి వెళ్లి ఆవిడ కాళ్ల మీద పడాలని ఉంది. టికెట్టు కూడా చూశాను. కానీ ఈసారి నిన్ను అడుగుతున్నాను. వెళ్లనా?

నత్సునో


ఒనొమిచి
జూన్ 3

నా చిట్టితల్లి నత్సునోకి,

వానలు మొదలయ్యాయి. అవతలి ఒడ్డు కనబడటం లేదు, అయినా పడవ వెళ్లొస్తూనే ఉంది.

నిన్ను వెళ్లొద్దన్నాను కదా ఫోనులో. రెండు వారాలు ఆగి నేనే వెళ్లాను. టోపీ పెట్టుకుని వెళ్లాను.

కింద చాపల కొట్టు కుజె గారి తమ్ముడిది. పచ్చి గడ్డి వాసన. పైన గదిలో నాలుగు ఆర్గన్లు, చిన్నపిల్లలకి నేర్పుతోంది. మెట్లెక్కి తలుపు దగ్గర నిలబడ్డాను. ఒక పాపకి వేళ్లు సరిచేస్తూ, తల తిప్పకుండా, "గంట ప్రయాణానికి తొమ్మిదేళ్లా?" అంది.

"రైలు ఆలస్యం," అన్నాను. నా నోటికి ఆ క్షణాన అదే వచ్చింది.

నవ్వలేదు. పాఠం అయ్యేదాకా మూల కూర్చోబెట్టింది. పాప వెళ్లాక టీ పోసింది. నేను తల వంచి, దారంతా వల్లించుకున్నదంతా చెప్పాను. మొత్తం విని, "నాకు ఆ రోజే తెలుసు. విభాగం పెద్ద చెప్పాడు. 'ఆ పాట చేసింది తనేనని రెండో అమ్మాయి చెప్పిందమ్మా, ఏం చేయను' అన్నాడు," అంది.

"మరి నన్నెందుకు తిట్టలేదు? చీటీ అయినా పెట్టలేదు."

"పెట్టాను. సొరుగు అడుగున. నువ్వు చూడలేదన్నమాట."

"ఏం రాశారు?"

"చెప్పను. అప్పుడు కోపంలో ఉన్నా."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఒసాకాలో ఆరు చోట్ల పనికోసం తిరిగిందట. ఏ పాటలు చేశావని అడిగితే చూపించడానికి పేరు లేదు. 'రెండో అంతస్తు పిల్లి నేనే' అంటే, "ఆ పిల్లి ఇంకా అక్కడే పనిచేస్తోందటగా" అన్నారట. అప్పుడు తనకి నలభై రెండు. ఊరికి తిరిగొచ్చేసింది. పిల్లలకి వేళ్లు తిప్పడం నేర్పుతూ, వాళ్లు రేవు పాట కూనిరాగం తీస్తుంటే, "అది కాదు, పాఠం వాయించు" అని కసురుతుందట. తనదని ఎవరికీ చెప్పలేదు. చెబితే నమ్మరని.

"క్షమించానని అనను, చిజురూ," అంది. "అలా అంటే నువ్వు తేలిగ్గా మెట్లు దిగి వెళ్లిపోతావు. మళ్లీ వచ్చేవారం రా. నాలుగో ఆర్గనుకి మాస్టారు లేరు."

ప్రతి మంగళవారం వెళ్తున్నాను. పిల్లలు నాకంటే బాగా వాయిస్తున్నారు.

నిన్ను చూడాలని ఉందంది. "ఆ నిప్పుకణికని ఒకసారి తీసుకురా, దూరంగా కూర్చోబెడదాం" అంది.

పిన్ని


ఒసాకా
జూలై 15

పిన్నీ,

ఎండలు. కొట్లో ఫ్యాను తిరుగుతోంది కానీ గాలి రావట్లేదు.

సవరణ వచ్చాక పత్రికకి మూడువందల ఉత్తరాలు వచ్చాయట. కంపెనీ దిగొచ్చింది. వాళ్లు పత్రిక ద్వారా పంపిన కాగితం ఇందులో పెడుతున్నాను, చదువు. పాత దస్త్రాల్లో ఆ పిల్లి ఒక్క మనిషేనట. అందుకని సీడీ మీద ఒక్క పేరే వేస్తారట. ఇద్దర్లో ఒకరు పేరు రాసి తమ పేరు చెక్కిన ముద్ర వేయాలి, రెండోవాళ్లు "నాకు అభ్యంతరం లేదు" అని కింద ముద్ర వేయాలి. ఆగస్టు చివరికల్లా రాకపోతే మళ్లీ 'సంగీత బృందం' అనే వేస్తారు.

చూశావా ఎంత తెలివో. పదేళ్ల క్రితం అడిగిన ప్రశ్ననే మళ్లీ అడుగుతున్నారు. మీ ఇద్దరి చేతా ఒకరినొకరు చెరిపించాలని. సంఘంలో మాట్లాడాను. ఇరవై మంది వస్తామన్నారు. కంపెనీ గుమ్మం ముందు నిలబడి రేవు పాట పాడతాం, అట్టలు పట్టుకుంటాం. రెండు పేర్లూ వేసేదాకా కదలం. అట్టలకి రంగు కూడా తెచ్చాను.

రంగు డబ్బా మూత తీయలేదు. నువ్వు చెప్పాకే.

నత్సునో


ఒనొమిచి
ఆగస్టు 24

నా చిట్టితల్లి నత్సునోకి,

ఇంకా ఎండే, కానీ సాయంత్రం కీచురాళ్ల పాట మారింది.

మూత తీయనందుకు సంతోషం. ఆ రంగు దాచుకో, నీకు పనికొచ్చే పోట్లాటలు చాలా వస్తాయి. నువ్వన్నది నిజమే, వాళ్లు అదే ప్రశ్న మళ్లీ అడిగారు. నీకు అందులో అవమానం కనబడింది. నాకు ఇంకోటి కనబడింది. జవాబు చెప్పిన ప్రశ్న మనిషికి రెండోసారి ఎదురవడం ఎంత అరుదో నీకు ఇరవయ్యేళ్లకి తెలియదు.

మంగళవారం కాగితం తీసుకుని కురాషికి వెళ్లాను. పేరు దగ్గర కుజె మిత్సుయో అని రాసి, కింద నా ముద్ర ముందే వేసి తీసుకెళ్లాను. చూడగానే ఆవిడకి మండింది.

"నీ జాలి నాకెందుకు? చింపెయ్. నీ పేరు రాయి, నేను ముద్ర వేస్తా. టికెట్ల కిటికీ దగ్గర అతికించుకుందువుగాని."

"జాలి కాదండీ."

"మరేంటి, అపరాధ రుసుమా?"

"అదీ కాదు. ఆ రోజు గదిలో 'నువ్వేనా' అని అడిగారు. ఇవాళ మళ్లీ అడిగారు. జవాబు మార్చి చెబుతున్నాను. అంతే."

"ఇద్దరం చేశాం కదే."

"చేశాం. కానీ రెండు పేర్లకి వాళ్లు చోటివ్వలేదు. నా పేరు ఒకసారి వాడేసుకున్నాను. నా వంతు అయిపోయింది."

కిటికీలోంచి కిందికి చూసింది. తమ్ముడు చాపలు ఎండబెడుతున్నాడు. "ఆ మూడో చాప వంకరగా ఉందిరా," అని వాడిమీద అరిచింది. తర్వాత సొరుగు తీసి ముద్ర బయటికి తీసింది. నోటి ఆవిరి పట్టి, ఎర్ర సిరాలో అద్ది, ఎంత గట్టిగా నొక్కిందంటే కింద బల్లమీద కూడా అచ్చు పడింది. "వంకరగా పడితే తిప్పి పంపుతారు," అంది. తిన్నగానే పడింది.

పోస్టు డబ్బా దాకా ఇద్దరం నడిచి వెళ్లాం. "క్షమించానని ఇప్పుడూ అనను," అంది. "వచ్చే మంగళవారం కూడా రావాలిగా నువ్వు."

నీకు కోపం వస్తుందని తెలుసు. నా కోసం ఇంత చేశావు, నా పేరు ఎక్కడా లేకుండా పోయింది. కొంచెం ఓర్చుకో, తల్లీ. నేను బాగున్నాను. చాలా ఏళ్లకి బాగున్నాను.

పిన్ని


ఒసాకా
అక్టోబరు 18

పిన్నీ,

ఇక్కడ దారి పొడుగునా గింకో చెట్ల ఆకులు పసుపెక్కుతున్నాయి. వాటి కాయలు రాలి వీధంతా కంపు. దోయి గారు పొద్దున్నే చీపురు పట్టుకుని తిడుతున్నాడు.

నీ ఆగస్టు ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. కోపం వల్లే. నాలుగుసార్లు రాసి చింపాను. అన్నిట్లోనూ "న్యాయం" అనే మాట ఉంది, ఒక్కదాంట్లోనూ నీ మాట లేదు.

సీడీ నిన్న వచ్చింది. 'సంగీతం: కుజె మిత్సుయో' అని, వెనక అట్టమీద, చిన్న అక్షరాల్లో, కానీ నల్లగా తిన్నగా ఉంది. ముప్ఫై తెప్పించాం, సాయంత్రానికి రెండు మిగిలాయి. ఆ లారీ డ్రైవరు వచ్చి అట్ట తిప్పి చూసి, "ఎవరీ కుజె గారు?" అన్నాడు. నా నాలుక చివరిదాకా నీ పేరు వచ్చింది. చెబితే ఎంత బాగుండేదో. "రేవు పాట చేసింది ఆవిడే," అన్నాను. "ఇప్పుడు కురాషికిలో పిల్లలకి ఆర్గను నేర్పుతున్నారు." ఆయన అట్ట నుదుటికి ఆనించుకుని వెళ్లాడు.

ఇక అసలు సంగతి. కొట్లో సీడీ పెట్టాం. రేవు పాట మొదలైంది. పైపాట నాకు నిద్రలో లేపినా వస్తుంది. దాని కింద ఇంకేదో వినబడింది. సన్నగా ఒక గొంతు, పైపాట ఒక మెట్టెక్కితే అది ఒక మెట్టు దిగుతూ, పైపాట ఊపిరి తీసుకునే చోట తను అందుకుని నిలబెడుతూ. పాట మొత్తం ఎక్కడా చేయి వదలకుండా. ఇన్ని వందలసార్లు విన్నాను, నేనది ఎప్పుడూ వినలేదు.

"ఇది కొత్తగా కలిపారా?" అని దోయి గారిని అడిగాను.

"కలపడమేంటి, కాసెట్టులోంచే తీశారు. మొదట్నించీ ఉందది."

"నేను వినలేదే."

"ఎలా వింటావు? ఆ యంత్రానికి ఉన్నవే మూడు గొంతులు. నువ్వు గెంతినప్పుడు టుంయ్‌మని చప్పుడు రావాలంటే ఇంకో గొంతు ఎక్కడ్నించి తెస్తుంది? రెండో గొంతు నోరు నొక్కి, దాని నోటితోనే ఆ చప్పుడు చేయిస్తుంది. రేవులో నువ్వు గెంతకుండా ఎప్పుడైనా నిలబడ్డావా?"

నిలబడలేదు. ఒక్కసారి కూడా.

పైపాట కుజె గారు వేసి వెళ్లారని నువ్వే రాశావు. మర్నాడు పొద్దున ఆ కుర్చీలో కూర్చున్నదెవరో కూడా నువ్వే రాశావు. కింద ఏం వేశావో మాత్రం రాయలేదు.

ఇవాళ పొద్దున కొట్టు తెరిచాక పాత యంత్రం బయటికి తీసి, 'దీపాల దీవి' పెట్టాను. దీపాల పిల్లని రేవు దాకా నడిపించి, మొదటి పడవ అంచున నిలబెట్టి, మీటల మీంచి చేతులు తీసేశాను. కొనడానికి వచ్చిన ఒకాయన వెనక నిలబడి కాసేపు చూసి, "ఏమ్మా, గెంతవేం? చెడిపోయిందా?" అన్నాడు.

"లేదండీ. మా పిన్ని మాట్లాడుతోంది," అన్నాను.

ఆయన పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

నత్సునో